నారు ట్రేకి, కుండీకి మట్టి బదులు ఏం వేయాలి? గుణుపురం చెల్లికి జవాబు

గుణుపురం నుంచి అడిగిన చెల్లీ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తరవాత చూసేవాళ్ల కోసం ముందు మీ సంగతి క్లుప్తంగా చెప్తాను. 5 కిలోల కోకోపీట్ (కొబ్బరి పొట్టు) దిమ్మ తెప్పించి నానబెట్టారు. సగానికి సగం వర్మీకంపోస్టు కలిపి ట్రేల్లో మిరప, టమాటా, వంగ గింజలు వేశారు. మొలకలు బాగానే వచ్చాయి. రెండాకులు విప్పేసరికి రంగు పాలిపోయింది, కొన్ని కాడ మొదలు దగ్గర నులిమినట్టు సన్నబడి పక్కకి ఒరిగిపోయాయి. డాబా మీద కుండీల్లో ఉన్న మందారం, గులాబీల సంగతి ఇంకోటి. వాటికి వేసిన ఎర్రమట్టి ఇటికలా బిగిసిపోయింది. ఎవరో పీట్‌మాస్, పెర్లైట్ కొనమన్నారు, ధర చూసి గుండె జారింది, మన దగ్గర దొరికేవాటితో పని అవుతుందా అని అడిగారు.

అవుతుంది. మాది పర్లాకిమిడి. ఊరి చివర నర్సరీ పెట్టి ఇరవై మూడేళ్లయింది. కూరగాయ నారు, జీడి అంట్లు, పూల మొక్కలు వేస్తాం. కాశీనగరం, పాతపట్నం వైపు రైతులూ, సంతకి దిగే సవర ఆడవాళ్లూ మా దగ్గర నారు పట్టుకెళ్తారు. నేను చంపుకున్న నారంతా కలిపితే ఒక ఎకరం నాటేయొచ్చు, అందుకని కొంచెం ధైర్యంగానే రాస్తున్నాను.

పీట్‌మాస్ సంగతి ముందు తేల్చేద్దాం. అది కెనడాలోనో, బాల్టిక్ దేశాల్లోనో చిత్తడి నేలల్లో నాచు కుళ్లి పేరుకున్న పొర. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంతదూరం నుంచి ఓడెక్కి వచ్చినదాన్ని గుణుపురంలో వంగనారుకి వేయడం అనవసరం. పైగా ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ నీళ్లు పీల్చుకోదు, మన ఏప్రిల్ ఎండలో అది రోజూ జరిగేదే. పెర్లైట్ అంటే అగ్నిపర్వతపు గాజురాయి. దాన్ని కొలిమిలో 900 డిగ్రీల దగ్గర వేడిచేస్తే పేలాల్లా ఉబ్బుతుంది. తిండి ఏమీ ఇవ్వదు. మట్టి రేణువుల మధ్య ఖాళీ ఉంచడం, అంటే గాలి నిలపడం, అదొక్కటే దాని పని. ఆ పని చేసేది మీ ఊరి ధాన్యం మిల్లు వెనకాలే ఉంది. దానిదగ్గరికి తరవాత వస్తాను.

ఏం కలపాలి అనే ముందు ఒక చిన్న పని చేసి చూడండి. గిన్నెలు తోమే స్పాంజి, పలకలా ఉండేది, కొత్తది తీసుకోండి. బకెట్లో బాగా ముంచి, అడ్డంగా అరచేతుల మధ్య పట్టుకోండి. నీళ్లు కారతాయి, కాసేపటికి ఆగిపోతాయి. ఆగాక అదే స్పాంజిని నిలువుగా తిప్పండి. మళ్లీ బొటబొటా కారుతుంది. స్పాంజి అదే, చిల్లులు అవే, మారింది ఎత్తు ఒక్కటే. కుండీలో జరిగేదీ ఇదే. ఏ కుండీలోనైనా అడుగున కొంత మందం మేర నీళ్లు నిండుగా ఆగిపోతాయి, కిందికి దిగవు. ఆ మందం ఎంత అన్నది లోపల వేసిన పదార్థాన్ని బట్టి ఉంటుంది, కుండీ సైజుని బట్టి కాదు. మెత్తగా పొడిలా ఉంటే ఎక్కువ, గరుకుగా ఉంటే తక్కువ. అడుగు లోతున్న కుండీలో అడుగున మూడు వేళ్ల మందం నీళ్లు ఆగినా పైన వేరుకి చోటుంటుంది. ట్రే గడి లోతే నాలుగు సెంటీమీటర్లు! అదే మిశ్రమం ట్రేలో వేస్తే గడి మొత్తం బురదే. మీ మొలకలు మొదలు దగ్గర కుళ్లి పడిపోవడానికి సగం కారణం ఇక్కడుంది. సగం వర్మీకంపోస్టు అంటే సగం మెత్తటి పొడి అన్నమాట.

మాటలో మాట, కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా పోతాయని అందరూ చెప్తారు. మా అత్తగారూ అదే చెప్పేవారు, చాలా ఏళ్లు నేనూ పరిచాను. పోవు. పైనున్న మెత్తటి పొర నిండుగా తడిసేదాకా నీళ్లు గులకరాళ్లలోకి దిగవు. అంటే ఆ నీళ్ల మందం రాళ్ల మీదికి, వేళ్ల దగ్గరికి ఎక్కుతుంది. చిల్లు మీద మట్టి జారకుండా ఒక పెంకు ముక్క పెట్టండి, చాలు.

ఇక గాలి ఎంత ఉందో కొలిచే పద్ధతి. నేను ఏ కొత్త సరుకు వచ్చినా ముందు ఇదే చేస్తాను. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసేయండి. కొలపాత్రతో సరిగ్గా లీటరు నీళ్లు పోసి, ఆ మట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టి, పారబోయండి. అడుగున మేకు కాల్చి ఆరు చిల్లులు పొడిచి, బయటి నుంచి టేపు అంటించండి. మీ మిశ్రమాన్ని కొంచెం చెమ్మగా చేసి గీతదాకా నింపండి. చేత్తో నొక్కకండి, నేల మీద రెండుసార్లు తట్టండి అంతే. పైన తళతళలాడేదాకా నీళ్లు నెమ్మదిగా పోయండి. పావుగంట ఆగితే మట్టం దిగుతుంది, మళ్లీ పోయండి. ఇప్పుడు కింద గిన్నె పెట్టి టేపు లాగేయండి. చుక్కలు ఆగేదాకా ఉంచి, గిన్నెలో పడ్డ నీళ్లు కొలవండి. 1000 మిల్లీలీటర్ల మిశ్రమం నుంచి 150 కారితే గాలి 15 శాతం. నీళ్లు ఖాళీచేసిన చోట గాలి దూరింది కదా, అదీ లెక్క. నారు ట్రేకి 10 నుంచి 15 మధ్య ఉంటే చాలు. కుండీ మొక్కలకి 15 నుంచి 25 దాకా బాగుంటుంది. ఆర్కిడ్లకి ఇంకా ఎక్కువ కావాలి. మీ ఎర్రమట్టి ఒక్కటే పోసి చూడండి, గిన్నెలో ఎన్ని నీళ్లు పడతాయో. నా మాట కంటే అది గట్టిగా చెప్తుంది.

ఇప్పుడు కోకోపీట్. దాన్ని తిట్టను, నేనూ వాడతాను. బరువులేదు, తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పడుతుంది, 5 కిలోల దిమ్మ నానితే 65, 70 లీటర్లదాకా ఉబ్బుతుంది. కానీ కొబ్బరి తొక్కలో పుట్టుకతోనే పొటాషియం, సోడియం, క్లోరైడు ఉంటాయి. కడగకుండా దిమ్మ కొట్టేస్తే ఆ ఉప్పంతా మీ ట్రేలోకి వస్తుంది. లేత వేరు ఉప్పుకి తట్టుకోలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానం కొబ్బరి చెట్లని నేలమట్టం చేసింది కదా. గజపతి జిల్లాలో మాకూ కొండచరియలు విరిగి నానా అగచాట్లు. ఆ తరవాత ఏడాది ఒక వ్యాపారి దగ్గర కొబ్బరి పొట్టు చవగ్గా వస్తోందంటే ఏకంగా ట్రాక్టరు లోడు వేయించాను. పచ్చి పొట్టు, కడగనిది. రంగు బాగుంది, తడి బాగుంది, మురిసిపోయాను. 98 గళ్ల ట్రేలు రెండొందలు నింపి మిరప వేశాను. పదహారో రోజుకి ఆకుల కొసలు కాల్చినట్టు మాడిపోయాయి. తెగులేమో అని మందు కొట్టాను, చీడేమో అని వేపనూనె కొట్టాను. చివరికి మా అబ్బాయి ఆర్వో నీళ్లు చూసే టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) తెచ్చి ట్రే కింద కారిన నీళ్లలో ముంచాడు. అంకె చూసి ఇద్దరం నోట మాట లేకుండా నిలబడ్డాం. ఆ లోడులో మిగిలింది రెండు వానాకాలాలు బయట తడిసి కడుక్కుపోయాక గానీ పనికి రాలేదు.

అందుకని మీరు ఆ పెన్ను ఒకటి కొనండి, ఖరీదు వందల్లోనే. ఒక గ్లాసు నానిన కోకోపీట్‌కి ఒకటిన్నర గ్లాసు వాననీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ పోసి, కలిపి, గంట ఆగి, గుడ్డలో పిండండి. ఈసీ (ఉప్పుని బట్టి నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో చెప్పే అంకె, mS/cm) 0.5 లోపు చూపిస్తే నారుకి వాడొచ్చు. టీడీఎస్ మాత్రమే చూపించే పెన్నయితే 250 లోపు. ఎక్కువ వస్తే కడగాలి. గోనెసంచిలో పోసి, మంచినీళ్లు పైనుంచి పోస్తూ, కిందికి గోధుమరంగు నీళ్లు పల్చబడేదాకా. మూడోసారి కడిగాక మళ్లీ కొలవండి. కొంచెం ఓపికుంటే దిమ్మకి 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ నీళ్లలో కరిగించి, పొట్టంతా ఆ నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున్న వంచేసి ఇంకోసారి కడగండి. పొట్టుకి అంటిపెట్టుకున్న సోడియం, పొటాషియంలని కాల్షియం తోసేసి తాను కూర్చుంటుంది. ఉత్త నీళ్లతో ఎంత కడిగినా ఆ అంటుకున్న ఉప్పు పూర్తిగా వదలదు.

కోకోపీట్‌తో రెండో చిక్కు, అందులో తిండి లేదు. పైగా పచ్చి పొట్టులో కర్బనం, నత్రజని నిష్పత్తి వందకి ఒకటి పైమాటే. దాన్ని తినే సూక్ష్మజీవులకి నత్రజని చాలక మొక్క నోటి దగ్గరిది లాక్కుంటాయి. మీ నారు పాలిపోవడానికి నాకు కనిపిస్తున్న కారణం ఇది, దానికి తోడు ఉప్పు. వర్మీకంపోస్టు సగం వేశాను కదా అంటారు. అక్కడే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వర్మీకంపోస్టులోనూ లవణాలు ఉంటాయి, అది మెత్తన కూడా. నారుకి ఆరో వంతు దాటించకండి. తిండి పైనుంచి ఇవ్వండి. 19:19:19 అనే ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది), నీళ్లలో కరిగేది, లీటరుకి 3 గ్రాములు మించకుండా, గింజ వేసిన పన్నెండో రోజు ఒకసారి, ఇరవయ్యో రోజు ఒకసారి పోస్తే సరిపోతుంది.

పొట్టుని ముందే మాగబెట్టే పద్ధతులూ ఉన్నాయి. కాయిర్ బోర్డు వాళ్ల పిత్‌ప్లస్ అని ఒక పుట్టగొడుగు విత్తు ఉంది. టన్ను పొట్టుకి 5 కిలోల యూరియాతో పొరలు పొరలుగా వేస్తే నెల రోజుల్లో నల్లగా మాగుతుంది, నిష్పత్తి 112 నుంచి 24కి దిగుతుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు అర్క ఫర్మెంటెడ్ కోకోపీట్ అని తయారుచేశారు. ఒక డాబాకి ఇంత హంగామా అక్కర్లేదు, మీ ఊళ్లో నలుగురు కలిసి చేసుకుంటే వేరే సంగతి.

ఇప్పుడు మిల్లు దగ్గరికి వెళ్దాం. మన వైపు ఉప్పుడు బియ్యం మిల్లులు చాలా ఉన్నాయి, అది అదృష్టమే. క్వింటా ధాన్యానికి ఇంచుమించు 20 కిలోల ఊక వస్తుంది. ఈ ఊకకి మూడు అవతారాలు. పచ్చి ఊక, నల్లగా మాడిన ఊక, తెల్లటి బూడిద. ఈ మూడూ ఒకటి కాదు, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు.

పచ్చి ఊక నీళ్లు పట్టదు, జారిపోతుంది. కుండీలో గాలికి పనికొస్తుంది గానీ ట్రేలో వేస్తే గింజ పక్కన ఎండిపోతుంది. అందులో ధాన్యం గింజలు ఉంటే మిరపనారులో వరి మొలుస్తుంది. ఉప్పుడు మిల్లు ఊకకి ఆ బాధ తక్కువ, ధాన్యం ముందే ఉడికింది కాబట్టి. తెల్లటి బూడిద అసలు వద్దు. అది చాలావరకు సిలికా పొడి, క్షారం ఎక్కువ, తడిస్తే సిమెంటులా అతుక్కుని ఉన్న కాస్త గాలినీ మూసేస్తుంది. మనకి కావలసింది మధ్యది, నల్లది. నేను ఊకబొగ్గు అంటాను. బాయిలరు దగ్గర పోగులో చేయి పెట్టి ఒక గుప్పెడు తీసుకోండి. వేళ్ల మధ్య నలిపితే విభూదిలా పూసుకుపోతే వదిలేయండి. చిన్న చిన్న పడవల్లా ఊక ఆకారం చెడకుండా నల్లగా, తేలిగ్గా ఉంటే సంచి పట్టండి. ఆ పడవ లోపల నీళ్లు ఆగుతాయి, పడవకీ పడవకీ మధ్య గాలి ఆగుతుంది.

మిల్లులో మంచిది దొరక్కపోతే మనమే చేసుకోవచ్చు. డాబా మీద చేయకండి, పొగకి పక్కింటివాళ్లతో తగువు. ఊరవతల కళ్లంలో చేయండి. 15 కిలోల పాత నూనె డబ్బా తీసుకుని నాలుగు వైపులా మేకుతో చిల్లులు పొడవండి, ఊక లోపలికి రాలనంత సన్నంగా. మూసి ఉన్న వైపు గుండ్రంగా కోసి, నాలుగైదు అడుగుల రేకు గొట్టం నిలబెట్టండి. నేల మీద పుల్లలు, కొబ్బరి చిప్పలతో మంట వేసి, అది బాగా అంటుకున్నాక డబ్బాని మంట మీద బోర్లించండి. చుట్టూ ఊక కుప్ప పోయండి, డబ్బా మునిగి గొట్టం మాత్రం పైకి కనపడేలా. గొట్టంలోంచి తెల్లటి పొగ వస్తుంది. మంట ఊకని తాకదు, సెగ మాత్రమే తాకుతుంది, అదీ దీని కిటుకు. గంట గడిచేసరికి కుప్ప మీద అక్కడక్కడా నల్ల మచ్చలు తేలతాయి. అప్పటి నుంచి పక్కనుండాలి, ఫోను చూసుకుంటూ కూర్చుంటే కుదరదు. కింద అంచుల్లో ఉన్న పచ్చి ఊకని పారతో పైకి ఎగదోస్తూ ఉండండి. కుప్ప సైజుని బట్టి మూడు నాలుగు గంటల్లో అంతా నలుపెక్కుతుంది. వెంటనే డబ్బా తీసేసి, ఊకని పల్చగా పరిచి, నీళ్లు చల్లి, తిరగేసి, మళ్లీ చల్లండి. ఆరిందనుకుంటే ఆరదు. ఒకసారి సాయంత్రం పైపైన తడిపి సంచుల్లో ఎత్తి షేడ్‌నెట్ కింద పెట్టాం. తెల్లవారుజామున మా ఆయన కాలిన వాసన వస్తోందని లేచి చూస్తే రెండు సంచులు బూడిదై, నెట్‌కి మంచమంత చిల్లు పడింది. ఆ చిల్లు ఇప్పటికీ అలాగే ఉంది, పాకించిన దొండతీగ కప్పేసింది.

కొత్త ఊకబొగ్గుకి కొంచెం క్షారగుణం ఉంటుంది. రెండుసార్లు నీళ్లలో కడగండి, లేదా ఒక వానకి వదిలేయండి. మన కొండ వాలు ఎర్రమట్టి ఎక్కువచోట్ల ఆమ్లం వైపు ఉంటుంది, కోకోపీట్ కూడా అటే. కాబట్టి మూడో వంతు దాకా కలిపితే ఇబ్బంది రాదు. ఒక్కదాన్నే నింపొద్దు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. కోతమిల్లు రంపపు పొట్టు పచ్చిది వేయకండి. దాని కర్బన నిష్పత్తి కోకోపీట్ కంటే చాలా ఎక్కువ, మొక్క పసుపెక్కి కూర్చుంటుంది. పేడనీళ్లు చల్లుతూ ఆరు నెలలు మాగిస్తే వాడొచ్చు. పలాస వైపు నుంచి జీడిపిక్కల పెంకు తెచ్చి కుండీల్లో వేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ పెంకులో నూనె చేతి తోలే ఊడగొడుతుంది, లేత వేరు సంగతి చెప్పక్కర్లేదు. పుట్టగొడుగులు, అదే మన వైపు ఛత్తు, పెంచేవాళ్ల దగ్గర వాడేసిన గడ్డి దొరుకుతుంది. ఒక వానాకాలం బయట కుళ్లనిస్తే కుండీలకి చాలా మంచిది. పుట్టమన్ను మెత్తగా, ముచ్చటగా ఉంటుంది గానీ అది బంకమన్నే, కుండీలో గట్టిపడుతుంది. నాగులచవితికి పాలు పోసిన పుట్టని తవ్వడం నాకు మనసొప్పదు కూడా, అది వేరే విషయం. ఇసుక అయితే వంశధారది తీసుకోండి, సముద్రపు ఇసుక వద్దు. సన్న ఇసుక కూడా వద్దు, అది ఖాళీలని పూడ్చేస్తుంది. బొంబాయి రవ్వకంటే లావుగా ఉన్నదే పనికొస్తుంది.

ఆకుమట్టి గురించి మాత్రం ఒక్క క్షణం ఆగుతాను. అందరూ తగలబెట్టేది ఇదే. రావి, కానుగ, వేప ఆకులు తడిపి, చిల్లుల ప్లాస్టిక్ సంచుల్లో కుక్కి, నీడలో పడేయండి. నెలకోసారి తడి చూసి తిరగేయండి. ఆరు నెలల నుంచి ఏడాదిలో నల్లగా, వాన పడ్డ అడవి వాసనతో తయారవుతుంది. మామిడి ఆకు ఆలస్యం చేస్తుంది, జీడి ఆకు ఇంకా మొండిది, వాటిని విడిగా పెట్టండి. జల్లించిన ఆకుమట్టి రెండు పాళ్లు, ఊకబొగ్గు ఒక పాలు కలిపితే కోకోపీట్ లేకుండానే నారు వస్తుంది. మా వంగనారులో సగం ఇప్పుడు దీంట్లోనే.

మీకు కావలసిన కొలతలు చెప్తాను, ఏదైనా ఒకటే తట్టతో కొలవండి. ట్రేకి కడిగిన కోకోపీట్ రెండు తట్టలు, ఊకబొగ్గు ఒకటి, జల్లించిన వర్మీకంపోస్టు అర తట్ట. గడుల్లో వదులుగా పోయండి, బొటనవేలితో కుక్కితే గాలి పోతుంది. గింజ అర సెంటీమీటరు లోతు. ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ కప్పండి. మొదటి మొలక తల ఎత్తిందంటే ఆ పూటే దించేయండి, ఒక రోజు ఆలస్యమైనా కాడలు సాగిపోతాయి. మిరప ఆరేడు రోజులు తీసుకుంటుంది, టమాటా ముందే లేస్తుంది.

మందారం, గులాబీ కుండీలకి మట్టి పూర్తిగా మానేయక్కర్లేదు. మట్టికి పోషకాలు పట్టి ఉంచే గుణం ఉంది, దాన్ని ఎందుకు వదులుకోవాలి? జల్లించిన ఎర్రమట్టి ఒక తట్ట, బాగా మాగిన గత్తం (పశువుల ఎరువు) ఒక తట్ట, ఊకబొగ్గు ఒక తట్ట. ఎండాకాలం రోజుకి రెండుసార్లు నీళ్లు పోసే తీరిక లేకపోతే అర తట్ట కోకోపీట్ చేర్చండి. డాబా పాతదైతే బరువు చూసుకోండి. లీటరు తడిమట్టి ఒకటిన్నర కిలో పైనే తూగుతుంది. 20 లీటర్ల కుండీలు నలభై పెట్టారంటే ఒక టన్ను దాటిపోయినట్టే. కుండీలని గోడల వెంబడి, దూలాల మీద సర్దండి. ఎడారి గులాబీ పెడితే దానికి వేరే లెక్క, ఇటుక ముక్కలు, లావు ఇసుక సగానికి పైన ఉండాలి, గత్తం గుప్పెడే.

జీడి అంట్ల సంచికి మాత్రం మట్టి, ఇసుక, గత్తం సమపాళ్లు అనే పాత లెక్కని నేను మార్చలేదు. ఉత్త కోకోపీట్‌లో పెంచితే సంచి విప్పగానే ముద్ద విడిపోతుంది. నాటాక చుట్టూ ఉన్న నేల ఒకలా, మధ్యలో పొట్టు ఒకలా ఆరుతుంది, వేరు బయటి మట్టిలోకి అడుగు పెట్టదు. మీ ట్రే నారుకీ ఇది వర్తిస్తుంది. నాటేటప్పుడు కోకోపీట్ ముద్ద బయటికి కనపడకుండా పైన ఒక వేలు మందం మట్టి కప్పండి. లేకపోతే ఒత్తిలా పనిచేసి తడినంతా గాలికి పీల్చేస్తుంది.

ఏ సరుకైనా నమ్మేముందు రెండు పెరుగు కప్పులు తీసుకోండి. ఒకదాంట్లో కొత్త మిశ్రమం, ఇంకోదాంట్లో కడిగిన నది ఇసుక. రెండింట్లో ఇరవై చొప్పున ఆవాలు గానీ చోళ్లు (రాగులు) గానీ చల్లండి. వారం తిరిగేసరికి ఇసుకలో పద్దెనిమిది మొలిచి ఇందులో పది మొలిస్తే, లేదా మొలిచినవాటి వేళ్ల కొసలు గోధుమరంగుకి తిరిగితే, ఉప్పో, మాగని ఎరువో ఉన్నట్టు. టీడీఎస్ పెన్ను పట్టలేనిది కూడా ఇది పడుతుంది.

పడిపోయిన మొలకల సంగతి. అది నారుకుళ్లు, నేలలో, నీళ్లలో ఉండే బూజు జాతి. ఆ ట్రేల మిశ్రమం మళ్లీ వేయకండి. ట్రేలు బ్లీచింగు నీళ్లలో ముంచి ఎండబెట్టండి. మిశ్రమాన్ని మందారాల మొదట్లో వేసేయొచ్చు, ముదురు మొక్కకి ఏమీ కాదు. వచ్చే వేసవిలో ఏప్రిల్, మే నెలల్లో మీ మట్టిని తడిపి, అరడుగు మందం పరిచి, అవతలిది కనపడే పారదర్శకమైన పల్చటి పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. మన రాయగడ ఎండ ఉచితంగా వండిపెడుతుంది. నల్ల పాలిథిన్ వేస్తే అంత వేడి లోపలికి దిగదు. ఆ తరవాత ట్రైకోడెర్మా విరిడి (తెగులు బూజుని అణిచే మేలు బూజు), 100 కిలోల గత్తానికి కిలో చొప్పున, కలిపి రెండు వారాలు నీడలో తడిగా ఉంచి వాడుకోండి. కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి, ఎరువుల దుకాణాల్లోనూ దొరుకుతుంది. దుకాణంలో కొంటే తయారీ తేదీ చూడండి, అది బతికున్న సరుకు.

నీళ్లు సాయంత్రం పోసే అలవాటుంటే నారుకి మాత్రం మానుకోండి. రాత్రంతా కాడ తడిగా ఉంటే నారుకుళ్లుకి పండగ. పొద్దున్న ఎనిమిది లోపు పోయండి, అదీ ట్రే ఎత్తి చూసి, తేలిగ్గా ఉంటేనే. పై పొర ఆరినట్టు కనపడినా అడుగున నీళ్లుంటాయి, స్పాంజి గుర్తుందిగా. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు ట్రేల మీద పాలిథిన్ గొడుగులా కట్టండి, పక్కలు మూయకుండా.

మీ దగ్గర మిగిలిన అర దిమ్మ పారేయకండి. పైన చెప్పినట్టు కడిగి, మొదటి కడుగుకి ఎంత, మూడో కడుగుకి ఎంత వచ్చిందో రెండు అంకెలూ రాయండి. మీ బోరు నీళ్లది కూడా విడిగా కొలిచి చెప్పండి. నీళ్లలోనే ఉప్పుంటే మనం ఇంతసేపు కొబ్బరి పొట్టుని ఆడిపోసుకున్నట్టు అవుతుంది.